ఆ నంబరు ఎవరి పేరు మీద ఉంది?

2016 నవంబరు మొదటి వారంలో హైటెక్ సిటీ దగ్గరున్న హెచ్‌ఐసీసీకి ప్రపంచం నలుమూలల నుంచి మూడు వేల మందికి పైగా వచ్చారు. ఇంటర్నెట్ పేర్లకూ నంబర్లకూ పెద్ద దిక్కుగా ఉన్న ఐకాన్ సంస్థ 57వ బహిరంగ సమావేశం అది. అసలు పోర్టోరికోలో జరగాల్సింది. అక్కడ జికా వైరస్ వ్యాపించడంతో హైదరాబాద్‌కు మార్చారు. అంతకు నెల ముందే, అక్టోబరు 1న, ఈ వ్యవస్థ మీద అమెరికా ప్రభుత్వానికి మిగిలున్న పర్యవేక్షణాధికారం ముగిసింది. సమావేశం ఇంకా నడుస్తుండగా నవంబరు 8 రాత్రి పెద్దనోట్ల రద్దు ప్రకటన వచ్చి, విదేశీ ప్రతినిధుల చేతుల్లోని ఐదొందల, వెయ్యి నోట్లు ఎందుకూ కొరగాకుండా పోయాయి. ఆ వారం సంగతి ఎత్తితే వచ్చినవాళ్లు ఇప్పటికీ ముందు చెప్పేది ఈ నోట్ల ఇబ్బందే. ఆ సమావేశంలో వివిధ ప్రభుత్వాల సలహా సంఘం ఒక ప్రకటన విడుదల చేసింది, దాని చివర ఒక అనుబంధం ఉంది. ఈ అధ్యాయంలో మనకు కావలసింది ఆ అనుబంధం.

దాని నిండా ఐకాన్ పాలకమండలికి వేసిన ప్రశ్నలే. డొమైన్ పేరు కొనేవాళ్లు ఇచ్చే పేరు, చిరునామా, ఫోను నంబరు నిజమైనవో కావో అమ్మేవాళ్లు సరిచూస్తున్నారా? చూడకపోతే ఐకాన్ ఏం చేస్తోంది? తప్పుడు వివరాలున్నాయని ఫిర్యాదు వస్తే అది ఎక్కడిదాకా పోతోంది? ఈ ప్రశ్నలు తయారుచేసింది వివిధ దేశాల పోలీసు, దర్యాప్తు అధికారులు సభ్యులుగా ఉన్న ప్రజాభద్రతా కార్యబృందం. 2013లో కుదిరిన ఒప్పందం ప్రకారం, పేరు అమ్మిన సంస్థ పదిహేను రోజుల్లోగా కొన్నవారి ఈమెయిలో ఫోనో పనిచేస్తోందో లేదో తేల్చుకోవాలి. మూడేళ్లు గడిచాయి కదా, అమలు లెక్క చూపించండి అన్నది వాళ్ల అడుగుడు.

దర్యాప్తు అధికారులు ఆ రోజుల్లోనే ఇంకో తలుపు కూడా తడుతున్నారు. డొమైన్ పేర్ల సంగతి సరే, ఐపీ నంబర్ల రిజిస్టర్ల సంగతేమిటని. నాకు ఈ రెండో ప్రశ్నే బరువైనదిగా కనిపిస్తుంది. పేరు లేకుండా ఇంటర్నెట్‌లో బతకొచ్చు. నంబరు లేకుండా ఒక్క అక్షరం కూడా ఇటు నుంచి అటు పోదు.

నంబరు మన దగ్గరికి వచ్చే దారి

మొదటి తరం ఐపీ నంబర్లు, అంటే ఐపీవీ4, మొత్తం 429 కోట్ల చిల్లర. రెండును 32 సార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్య అది. ఐకాన్ కింద ఉండే ఐయానా వీటిని పెద్ద పెద్ద ముక్కలుగా ఐదు ప్రాంతీయ రిజిస్ట్రీలకు ఇచ్చింది. ఆసియా, పసిఫిక్ దేశాలకు ఏపీనిక్. అది 1993లో టోక్యోలో ప్రయోగాత్మకంగా మొదలై, 1998లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌కు మారింది. దాని కింద ఏడు దేశాలకు సొంత రిజిస్ట్రీలున్నాయి. మన దేశానిది ఐరిన్; 2012లో నిక్సీ సంస్థలో భాగంగా మొదలైంది. ఐరిన్ దగ్గరో ఏపీనిక్ దగ్గరో నంబర్లు తీసుకునేది నెట్ కంపెనీలు, బ్యాంకులు, డేటా సెంటర్లు, పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలు. కొండాపూర్‌లో ఫ్లాటు అద్దెకు తీసుకుని నెట్ కనెక్షన్ పెట్టించుకున్న మనిషి ఈ వరుసలో ఆఖరివాడు.

ఐయానా దగ్గర నిల్వ 2011 ఫిబ్రవరి 3న అయిపోయింది. ఏపీనిక్ కూడా ఆ ఏడాది ఏప్రిల్ 15న చివరి వాటాలోకి వచ్చేసి, అప్పటి నుంచి ఆ వాటాలోంచి ఒక్కో సభ్యుడికి 1,024 నంబర్లకు మించి ఇవ్వలేదు. 2019లో దాన్ని 512కు తగ్గించింది. భారతదేశానికి అందినవి సుమారు 4 కోట్లు. ఇంటర్నెట్ చందాదారులు 90 కోట్లకు పైమాటే. ఈ రెండు అంకెల మధ్య దూరం ముందుముందు మనకు చాలాసార్లు అడ్డం వస్తుంది.

ఇక రిజిస్టరు. ఏ నంబరు ఎవరికి ఇచ్చారో రాసిపెట్టే పట్టిక ఇంటర్నెట్ కంటే ముందే ఉంది. కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో, స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన సమాచార కేంద్రం, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్‌లోని యంత్రాల జాబితాను, మనుషుల జాబితాను ఉంచేది. ఆ జాబితాను ఎవరైనా ఎక్కడినుంచైనా అడిగి తెలుసుకునే పద్ధతికి 1982 మార్చిలో హూఈజ్ అని పేరు పెట్టి ప్రమాణపత్రం రాశారు. నెట్‌వర్క్ వాడే ప్రతి మనిషీ పూర్తి పేరు, తపాలా చిరునామా, ఫోను, ఈమెయిలు ఇవ్వాలని అందులో కోరారు. ఏ యంత్రమైనా పిచ్చిపిచ్చిగా సందేశాలు కుమ్మరిస్తే, దాన్ని చూసుకునే మనిషికి ఫోను చేసి ఆపించాలి. అందుకోసం ఆ వివరాలు. అడిగేవాడూ చెప్పేవాడూ ఒకే వృత్తివాళ్లు, చాలావరకు ముఖపరిచయం ఉన్నవాళ్లు. తప్పుడు చిరునామా ఇవ్వాలన్న ఆలోచన రావడానికి అక్కడ కారణమే లేదు.

ఆనాటి రిజిస్టరుకు రెండు పనులే. ఒకే నంబరు ఇద్దరికి పోకుండా చూడటం, అవసరమైతే ఎవరికి కబురు పెట్టాలో చెప్పడం. దొంగను పట్టించడం, ఆస్తికి సాక్ష్యంగా నిలవడం, ట్రేడ్‌మార్కు కాపాడటం వంటి పనులన్నీ తర్వాత దాని నెత్తిన పడ్డాయి. ఒక్కో పనికి ఖచ్చితత్వం అంటే ఒక్కో అర్థం. నలభై ఏళ్ల విధాన చర్చల్లో సగం తగువు ఇక్కడే పుట్టిందని నేననుకుంటాను. అందరూ రికార్డు సరిగ్గా ఉండాలనే అంటారు. దేనికి సరిపోవాలో ఎవరి ఉద్దేశం వారిది.

పట్టా ఒకరిది, అనుభవం ఒకరిది

తెలంగాణలో భూమి రికార్డు చూసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. పాత పహాణీలో పట్టాదారు పేరుకొక గడి, అనుభవదారు పేరుకొక గడి ఉండేవి. కాగితం ఎవరి పేరున ఉందో ఒక చోట, నాగలి ఎవరు పట్టారో ఇంకో చోట. 2020లో ధరణి వచ్చినప్పుడు అనుభవదారు గడి తీసేశారు. దాని మీద ఎంత గొడవ నడిచిందో ఈ పుస్తకం చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు. నంబర్ల రిజిస్టరులో పట్టాదారు గడి ఎప్పుడూ ఉంది. అనుభవదారు గడి కొన్నిచోట్ల ఉంది, కొన్నిచోట్ల ఖాళీ, కొన్నిచోట్ల పాతబడింది.

ఒక నెట్ కంపెనీ పేరున వేల నంబర్లు ఉంటాయి. అందులో కొన్నింటిని గచ్చిబౌలిలోని ఒక చిన్న హోస్టింగ్ సంస్థకు ఇస్తుంది. ఆ సంస్థ వాటిలో కొన్నింటిని ఇంకో దేశంలోని వ్యాపారికి అద్దెకిస్తుంది. ఆ వ్యాపారి దగ్గర సర్వరు తీసుకున్నవాడు నకిలీ బ్యాంకు సైటు పెడతాడు. డబ్బు పోగొట్టుకున్న మనిషి సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేస్తే, దర్యాప్తు అధికారికి రిజిస్టరులో కనిపించేది మొదటి కంపెనీ ఒక్కటే. అక్కడికి నోటీసు, అక్కడినుంచి హోస్టింగ్ సంస్థకు ఇంకో నోటీసు, అక్కడినుంచి పరాయి దేశానికి ఉత్తరం. ఈలోపు సర్వరు ఖాళీ అయిపోతుంది. అందుకే యూరోపోల్ వంటి సంస్థలు 2016, 2017ల్లో ప్రాంతీయ రిజిస్ట్రీల సమావేశాలకు వెళ్లి, నంబర్లను కింది సంస్థలకు పంచినప్పుడల్లా ఆ పంపకాన్ని నమోదు చేయడం తప్పనిసరి చేయమని అడిగాయి. వ్యక్తుల పేర్లు కాదు, ఆఖరుగా సేవ అందిస్తున్న సంస్థ పేరు కావాలన్నారు.

వినడానికి ఎవరూ కాదనలేని కోరిక. అయినా ఐదు రిజిస్ట్రీల్లో ఒకే నియమం రాలేదు. కారణాలు అల్పమైనవేమీ కావు. ఈ రిజిస్ట్రీలు ప్రభుత్వ శాఖలు కావు, సభ్యుల సంస్థలు. సభ్యులు కూడి చర్చించి, ఇంచుమించు అందరూ ఒప్పుకున్నదే విధానం అవుతుంది. కింది పంపకాలన్నీ రాయాలంటే పని పెరిగేది ఆ సభ్యులకే. తమ ఖాతాదారుల జాబితా పోటీదారులకు బహిరంగంగా దొరుకుతుందన్న భయమూ వాళ్లకుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు శిక్ష. రికార్డు సరిచేయని సభ్యుడి నంబర్లు వెనక్కి తీసుకుంటే, ఆ నంబర్ల మీద నడుస్తున్న ఆసుపత్రో, బడో, ఒక ఊరి నెట్టో ఆగిపోతుంది. తప్పు రాసినవాడు ఒకడు, దెబ్బ తినేది ఇంకొకరు.

ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. రిజిస్టరులో తప్పు వల్ల రాసినవాడికి పెద్ద నష్టం ఉండదు. మారిన ఫోను నంబరు దిద్దకపోతే నెట్ కంపెనీ ఆదాయం తగ్గదు. నష్టపోయేవాళ్లు దూరంగా ఎక్కడో ఉంటారు: మోసపోయిన ఖాతాదారు, దాడికి గురవుతున్న నెట్‌వర్క్ ఇంజనీరు, కొన్నిసార్లు ఏ పాపం తెలియని చందాదారు. సరిచేసే చెయ్యి ఒకచోట, నొప్పి ఇంకోచోట ఉన్నంతకాలం విన్నపాల వల్ల రికార్డులు బాగుపడవు. నియమం కావాలి. ఆ నియమం ఎవరి మీద పడుతుందో చూసి పెట్టాలి.

పేర్లు ఎంత వేగంగా పాతబడతాయో సైబరాబాద్‌కు తెలుసు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. ఆ జూన్‌కల్లా అది మహీంద్రా సత్యం అయింది. 2013 జూన్‌లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. నాలుగున్నరేళ్లలో మూడు పేర్లు. చిన్న నెట్ కంపెనీలు ఇంతకంటే ఎక్కువగా చేతులు మారుతుంటాయి. ఇలాంటి ప్రతి మార్పులోనూ భవనాలు, ఉద్యోగులు, అప్పులు లెక్కకు వస్తాయి. ఐపీ నంబర్ల రికార్డులో సంప్రదించాల్సిన మనిషి పేరు మార్చాలన్న సంగతి గుర్తుంచుకునే ఉద్యోగి ఒక్కడే ఉంటాడు, అతనూ కంపెనీ మారిపోయి ఉంటాడు. దురుద్దేశం ఏమీ లేకుండానే రికార్డు పాడవుతుంది.

నంబరుకు ధర వచ్చాక

దురుద్దేశంతో పాడుచేసిన రికార్డుల కథ వేరు. నంబర్లకు కరువొచ్చాక వాటికి ధర వచ్చింది. 2011లో, దివాలా తీసిన నార్టెల్ కంపెనీ నుంచి మైక్రోసాఫ్ట్ 6,66,624 నంబర్లను 75 లక్షల డాలర్లకు కొంది. ఒక్కోటి పదకొండు డాలర్ల పైచిలుకు. ఆనాటి నుంచి రిజిస్టరులోని పంక్తి ఆస్తి కాగితమైంది. ఖాళీగా పడున్న భూమికి దొంగ పట్టా పుట్టించినట్టే ఇక్కడా జరిగింది.

అమెరికాలోని చార్లెస్టన్‌లో మిక్‌ఫో అనే సంస్థ, లేని కంపెనీలను, లేని అధికారులను సృష్టించి, వాళ్ల పేరిట ఉత్తర అమెరికా రిజిస్ట్రీ ఆరిన్ నుంచి దాదాపు 7.5 లక్షల నంబర్లు తీసుకుంది. 2019లో కేసు బయటికొచ్చింది. యజమాని 2021లో నేరం ఒప్పుకున్నాడు, 2023లో అయిదేళ్ల జైలు శిక్ష పడింది. ఆఫ్రికా రిజిస్ట్రీ ఆఫ్రినిక్‌లో జరిగింది మరీ దారుణం. అక్కడ రికార్డులు దిద్దింది లోపలివాళ్లే. 2021 ఆరంభంలో వెలువడిన తనిఖీ నివేదిక ప్రకారం, రిజిస్ట్రీ సొంత నిల్వ నుంచి 23 లక్షలకు పైగా, పాతకాలంలో కేటాయించి దిక్కులేకుండా ఉన్నవాటి నుంచి దాదాపు 18 లక్షల నంబర్లు చేతులు మారాయి. పాత కేటాయింపుల్లో చాలావాటి పేర్లు మూతపడ్డ కంపెనీలవి. అడిగేవాడు లేని పంక్తినే దొంగ వెతుక్కుంటాడు. ఇంటర్నెట్ ఇంకా విస్తరించాల్సిన ఖండం నుంచి ఆ నంబర్లు పోయాయన్నది నన్ను ఎక్కువ బాధించే సంగతి.

అందుకే పట్టాదారు గడి విషయంలో నా మనసులో సందేహం లేదు. సంస్థల పేరున ఉన్న నంబర్ల రికార్డు బహిరంగంగా ఉండాలి, నిర్ణీత గడువులో సరిచూస్తూ ఉండాలి. ఆరిన్ ఏడాదికోసారి సంప్రదింపు వివరాలు సరిచూడమని ఈమెయిలు పంపుతుంది. ఏపీనిక్ సభ్యులు 2018లో ఒక ప్రతిపాదన ఆమోదించారు: దుర్వినియోగం గురించి ఫిర్యాదు చేయడానికి ఇచ్చిన ఈమెయిలు నిజంగా పనిచేస్తోందో లేదో ఆరు నెలలకోసారి పరీక్షించాలి. చిన్న నియమమే, కానీ పెట్టిన చోట పెట్టారు. రాసినవాడినే కదిలిస్తుంది, అతని ఖాతాదారు జోలికి పోదు.

రికార్డు వల్ల ఇంకో ఉపయోగమూ ఉంది. నంబర్లు ఎవరివో వాటిని ఇచ్చిన రిజిస్ట్రీయే సంతకం చేసి ధ్రువీకరించే ఆర్‌పీకేఐ అనే పద్ధతి ఇప్పుడు వాడుకలో ఉంది. ఫలానా నంబర్ల దారి మా నుంచే అని ఎవరైనా ప్రకటిస్తే, మిగతా నెట్‌వర్కులు ఆ సంతకంతో పోల్చి చూసుకుంటాయి. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తప్పుడు దారి ప్రకటించి యూట్యూబ్‌ను ప్రపంచంలో చాలాచోట్ల అందకుండా చేసింది. అప్పుడు ఈ పోలిక లేదు. రిజిస్టరు తప్పయితే ఈ సంతకమూ తప్పు మీదే పడుతుంది.

మనుషుల పేర్ల దగ్గరికి వస్తే

డొమైన్ పేర్ల రిజిస్టరులో ఇంకో చిక్కు. అక్కడ పట్టాదారు చాలాసార్లు మామూలు మనిషి. చిన్న దుకాణం సైటు, కవితల సైటు, అధికారుల అవినీతి గురించి రాసే సైటు కూడా ఒక మనిషి పేరున, ఇంటి చిరునామాతో ఉండాలి. 2018 దాకా ఆ చిరునామా ఎవరైనా చూడగలిగేవారు. అలాంటి పరిస్థితిలో కొందరు అబద్ధం రాసేవారు, అందులో భయంతో రాసేవాళ్లూ ఉండేవారు. ఐకాన్ కోసం షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన నార్క్ సంస్థ చేసిన అధ్యయనం 2010లో వచ్చింది: అన్ని విధాలా సరిగ్గా ఉన్న రికార్డులు 23 శాతమే. ఆ అంకె పట్టుకునే హైదరాబాద్ నాటి ప్రశ్నల దాకా ఒత్తిడి పెరుగుతూ వచ్చింది.

హైదరాబాద్ సమావేశం జరిగిన ఏడాదిన్నరకు, 2018 మే 25న, యూరప్ వ్యక్తిగత సమాచార రక్షణ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఐకాన్ హడావుడిగా తాత్కాలిక నియమం చేసి, వ్యక్తుల వివరాలను బహిరంగ రిజిస్టరు నుంచి దాచింది. రికార్డుల్లో ఎన్ని సరైనవో ఆరు నెలలకోసారి కొలిచే కార్యక్రమం కూడా ఆగిపోయింది, ఎందుకంటే కొలిచేవాళ్లకే రికార్డు కనిపించదు. తర్వాత 2021లో ఖచ్చితత్వం అంటే ఏమిటో తేల్చమని ఒక బృందాన్ని వేశారు. అది నిర్వచనం దగ్గరే చిక్కుకుని, మధ్యలో ఆగింది. ఈమెయిలు పనిచేస్తే చాలా? ఆ మనిషి నిజంగా ఆ మనిషేనని గుర్తింపు కార్డు చూడాలా? మొదటిది చాలంటారు అమ్మకందారులు. రెండోది కావాలంటారు పోలీసులు, బ్రాండ్ల యజమానులు.

మన దేశం నుంచి చూస్తే ఇంకో ప్రశ్న వస్తుంది. ఇక్కడ చిరునామా సరిగ్గా రాయడమే ఒక సమస్య. శేరిలింగంపల్లిని ఇంగ్లిషులో ఒక్కో కార్యాలయం ఒక్కోలా రాస్తుంది. మాదాపూర్‌కు రెండు మూడు వర్ణక్రమాలున్నాయి. సర్వే నంబరు, ప్లాటు నంబరు, పాత ఇంటి నంబరు, కొత్త ఇంటి నంబరు అన్నీ ఒకే తలుపు మీద ఉండొచ్చు. కంప్యూటరు ఈ తేడాలను తప్పుడు వివరాలుగా లెక్కవేసే ప్రమాదం ఉంది. పాత హూఈజ్‌లో అక్షరాలను ఏ సంకేతపద్ధతిలో రాశారో చెప్పే ఏర్పాటే లేదని 2004 నాటి దాని ప్రమాణపత్రమే ఒప్పుకుంది. దాని స్థానంలో వచ్చిన ఆర్‌డాప్‌లో తెలుగు అక్షరాలు రాయొచ్చు. డాట్ కామ్ వంటి పేర్లకు 2025 జనవరి 28 నుంచి హూఈజ్ తప్పనిసరి కాదు, ఆర్‌డాప్ చాలు. సౌకర్యం వచ్చింది. తెలుగులో రాసిన చిరునామాను సరిచూడగల అమ్మకందారులు కావాలి.

నిమిషం తప్పితే

ఇప్పుడు అసలు అనుభవదారు దగ్గరికి, అంటే రిజిస్టరు కనబడని చోటికి. ఐరిన్ రికార్డు నెట్ కంపెనీ పేరు దగ్గర ఆగుతుంది. ఆ నంబరును ఫలానా నిమిషంలో వాడింది ఎవరో కంపెనీ లోపలి లాగ్‌లలో ఉంటుంది. బయటివాళ్లెవరూ చూడని, ఎవరూ తనిఖీ చేయని రికార్డు అది. మనుషుల జీవితాలు తలకిందులయ్యేది దీనివల్లే.

2007 ఆగస్టులో బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని పుణె పోలీసులు అరెస్టు చేశారు. ఆర్కుట్‌లో శివాజీని అవమానించేలా పెట్టిన చిత్రం తాలూకు ఐపీ నంబరు అతనిదని టెలికాం సంస్థ చెప్పింది. అది అతనిది కాదు. తప్పు తెలిసేసరికి అతను 50 రోజులు జైల్లో ఉన్నాడు. బ్రిస్బేన్‌లోని ఏపీనిక్ రిజిస్టరులో ఏ దోషమూ లేదు. పట్టాదారు గడి సరిగ్గానే ఉంది. సంస్థ లోపలి పంక్తి తప్పు.

అప్పటికంటే ఇప్పుడు ఈ పంక్తి మరింత సున్నితమైంది. 4 కోట్ల నంబర్లు 90 కోట్ల మందికి సరిపోవాలి కాబట్టి, కంపెనీలు ఒకే నంబరును చాలామందికి ఒకేసారి ఇస్తాయి. మాదాపూర్ హాస్టల్లో ఉన్నవాళ్లు తమ రౌటరు పేజీ తెరిచి చూస్తే బయటి నంబరు 100.64 నుంచి 100.127 మధ్య దేనితోనైనా మొదలవడం కనిపించొచ్చు. 2012లో సరిగ్గా ఈ పంపకం కోసమే పక్కనపెట్టిన నంబర్లవి, ప్రపంచానికి కనిపించవు. ప్రపంచానికి కనిపించే నంబరుకు 65,536 పోర్టులు, అంటే విడివిడి ద్వారాలు, ఉంటాయి. మనిషికి 1,024 చొప్పున పంచితే అరవై నాలుగు మంది ఒకే నంబరు మీద ఉంటారు. ఆ మనుషుల్లో ఒక్కొక్కరూ ఒక హాస్టల్ వైఫై అయితే, ఆ వైఫై వెనక ఇంకో వందమంది. కాబట్టి నంబరు మాత్రమే చెప్పి మనిషిని అడిగితే జవాబు రాదు. పోర్టు కావాలి, క్షణం దాకా సమయం కావాలి. వెబ్‌సైట్లు ఈ రెండూ రాసిపెట్టుకోవాలని 2011లోనే ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ సిఫారసు చేసింది. నంబరూ తేదీ మాత్రమే రాసుకునే సైట్లు ఇంకా ఉన్నాయి. పైగా విదేశీ సర్వరు తన లాగ్‌ను గ్రీనిచ్ సమయంలో రాస్తుంది. మన కంపెనీ ఐదున్నర గంటలు ముందున్న భారత సమయంలో. ఆ ఐదున్నర గంటలు కలపడం మరిచిపోతే నోటీసు వేరే ఇంటికి పోతుంది.

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో రెండు రకాల మాటలున్నాయి. ఒకటి, అన్ని సంస్థలూ తమ గడియారాలను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సమయంతో కలుపుకోవాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. రెండోది, డేటా సెంటర్లు, క్లౌడ్ సంస్థలు, వీపీఎన్ సంస్థలు ప్రతి ఖాతాదారు సరైన పేరు, చిరునామా, ఇచ్చిన ఐపీ నంబర్లు, వాడే ఉద్దేశం అయిదేళ్లు దాచాలి. మొదటిది నిజమైన ఖచ్చితత్వం. బెంగళూరు ఉద్యోగిలాంటి వారిని కాపాడేది అదే. రెండోది మనుషుల గురించి పెద్ద నిల్వ తయారుచేయమనడం. ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్ వంటి సంస్థలు తమ సర్వర్లను భారతదేశం నుంచి తీసేశాయి. దొంగలు వాటితోపాటే బయటి సర్వర్లకు వెళ్లగలరు. ఇక్కడే రిజిస్టరయి, సక్రమంగా పన్ను కట్టి పనిచేసే చిన్న హోస్టింగ్ సంస్థ మాత్రం అయిదేళ్ల భారాన్ని మోస్తుంది. ఆ సంస్థ దగ్గర పోగైన పేర్లు చోరీ అయితే దానివల్ల నష్టపోయేది మళ్లీ ఖాతాదారే.

ఇంతలో నేల కింద మార్పు వచ్చేసింది. హైదరాబాద్ సమావేశానికి రెండు నెలల ముందు జియో మొదలైంది, మొదటి నుంచీ ఐపీవీ6తో. ఆ రెండో తరం నంబర్లకు కరువు లేదు. ఏపీనిక్ కొలతల ప్రకారం నేడు భారతదేశంలో 70 శాతానికి పైగా వాడకందారులు ఐపీవీ6 అందుకుంటున్నారు; ప్రపంచంలో ముందు వరుసలో ఉన్న దేశాల్లో మనది ఒకటి. ఈ పద్ధతిలో నెట్‌వర్క్‌కు తగిలిన ప్రతి ఫోనుకూ ఆ సమయానికి సొంత నంబర్ల గుత్తి ఉంటుంది. వెనక సగం అంకెలను ఫోను తానే అప్పుడప్పుడూ మార్చుకుంటుంది. ముందు సగం కంపెనీ ఇచ్చింది. పోర్టు అడగనక్కర్లేదు, అరవై నాలుగు మంది మధ్య వెతకనక్కర్లేదు. అనుభవదారు గడి దానంతటదే నిండుతుంది.

అంటే ఖచ్చితత్వం కోసం ఇన్నేళ్లు పడిన తంటా చాలావరకు తీరబోతోంది, దాంతోపాటే చాటు కూడా పోతోంది. ఐపీవీ4 కరువు వల్ల గుంపులో కలిసి ఉండటం మనుషులకు అనుకోకుండా దక్కిన రక్షణ. అది పోయాక మిగిలేది చట్టం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తన వివరాలు చూసుకునే హక్కును, తప్పుంటే దిద్దమనే హక్కును పౌరుడికి ఇచ్చింది. అయితే ఆ హక్కులు సమ్మతితో ఇచ్చిన సమాచారానికి ముడిపడ్డవి; ప్రభుత్వ ఆదేశం మేరకు కంపెనీ దాచే లాగ్‌ల విషయంలో చందాదారుకు అక్కరకు రావు. తన పేరు ఎదుట ఏ నంబరు, ఏ క్షణం రాసి పోలీసులకు ఇచ్చారో చూపించమని అడిగే వీలు, కేసు మూసిన తర్వాతైనా ఉండాలి. టెలికాం లైసెన్సు షరతుల్లో ఒక పేరా చేరిస్తే సరిపోతుంది. దానికి ఐకాన్ సమావేశమూ అక్కర్లేదు, ఏపీనిక్ సభ్యుల ఓటూ అక్కర్లేదు.